మీ కథలాంటిది ముందే వచ్చేసిందా? తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ ఏలూరు రోడ్డు పక్క సందులో, ఒక మేడ మీది గదిలో నెలకోసారి కూర్చుని కథలు చదువుకుంటాం. పదిహేను మంది వస్తే ఎక్కువ. గుంటూరు, తెనాలి, మంగళగిరి నుంచి కొత్తగా రాసేవాళ్లు బస్సెక్కి వస్తారు. నేను పెద్దగా రాసిందేమీ లేదు. ఒక ప్రెస్సులో ఇరవై రెండేళ్లు ప్రూఫులు దిద్దాను. మంచి కథా, చెడ్డ కథా అని చూడకుండా అక్షరం అక్షరం చదవాల్సిన పని అది. అందుకే "ఇలాంటిది ఇంతకు ముందు వచ్చిందాండీ?" అనే ప్రశ్న తిరిగి తిరిగి నా దగ్గరికే వస్తుంది. ఫోన్లో అదే జవాబు పదిసార్లు చెప్పే ఓపిక తగ్గింది కాబట్టి ఇక్కడ రాసి పెడుతున్నాను.

సగం రాశాక తెలిసింది, ఇలాంటి కథే ఇంకొకరు రాసేశారని. ఆపేయమంటారా?

ఆ రెండో కథ మీరు చదివారా? ముందు అది చెప్పండి. నన్ను అడిగేవాళ్లలో ఎక్కువమంది చదివుండరు. "మా బావ చెప్పాడండీ, అచ్చం ఇదేనట" అంటారు. మీరు బావగారికి మీ కథ రెండు ముక్కల్లో చెప్పి ఉంటారు. ఆయన ఆ కథ రెండు ముక్కల్లో చెప్పి ఉంటాడు. రెండు ముక్కల్లో చెబితే ఏ రెండు కథలైనా ఒకటిగానే వినపడతాయి.

నా సంగతే చెబుతాను. 1998లో నేను గుంటూరులో ఉండేవాణ్ణి. మిర్చి సీజన్లో తొడిమలు తీసే ఆడవాళ్లను చూసి కథ మొదలుపెట్టాను. పదకొండు పేజీలయ్యాయి. ఇంతలో ఒక ఆదివారం సంచికలో మిర్చి యార్డు మీద కథ వచ్చింది. శీర్షిక కింద బొమ్మలో టిక్కీల, అంటే మిర్చి బస్తాల వరస, వాటి ముందు తల పట్టుకున్న రైతు. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. ఆ కథ పూర్తిగా చదవను కూడా చదవలేదు. ఉక్రోషంతో ఆ పేజీ చింపి, నా కాగితాలతో కలిపి ట్రంకుపెట్టె అడుగున పడేశాను.

పదిహేనేళ్ల తర్వాత ఇల్లు మారుతుంటే రెండూ చేతికొచ్చాయి. సామాన్ల మధ్య నేల మీద కూర్చుని చదివాను. వాళ్లది రైతు కథ. ధర పడిపోతుంది, తాలు కాయలున్నాయని వ్యాపారి కోత పెడతాడు, అప్పు, ఆఖర్న పురుగుమందు. నాది కూలికెళ్లే మనిషి కథ. పొద్దుటి నుంచి తొడిమలు తీసిన చేతులు రాత్రికి భగభగ మండుతుంటే కొబ్బరినూనె రాసుకుంటుంది, మజ్జిగలో ముంచుకుంటుంది. అయినా పాలు తాగే బిడ్డ మొహం ముట్టుకోవడానికి భయం. మోచేతులతో బిడ్డను ఒళ్లోకి జరుపుకుంటుంది. రెండు కథల్లోనూ ఉన్నవి యార్డూ, టిక్కీలూ, ఒక అకాల వర్షం. ఇంకే పోలికా లేదు. ఇప్పుడు పూర్తి చేద్దామంటే, ఆ మంట ఎలా ఉంటుందో నాకు చెప్పినావిడ లేదు. ఆవిణ్ణి అడగాల్సిన ప్రశ్నల్లో సగం నేను అడగనే లేదు.

అందుకని ఆపొద్దు. మొదటి ప్రతి పూర్తి చేయండి, ఆ రెండో కథ అప్పుడు చదవండి. మధ్యలో చదివితే దాన్నుంచి తప్పుకోవాలన్న కంగారులో మీ కథను లేనిపోని వంకరలు తిప్పుతారు. అలా తిప్పిన కథలు ప్రూఫుల్లో ఇట్టే పట్టేసేవాణ్ణి. ఫలానా పేజీ దగ్గర కథలో మనిషి ఉన్నట్టుండి తను తను కాకుండా పోతాడు.

అసలు ఆలోచన మీద ఎవరికైనా హక్కు ఉంటుందా?

ఉండదు. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. అది కాపాడేది రాసిన రూపాన్ని. బుర్రలో ఉన్నదాన్నీ, రెండు ముక్కల్లో చెప్పే వస్తువునూ కాదు.

ఈ మాట తేల్చిన కేసు ఒకటుంది, ఈ విషయం మాట్లాడే ప్రతి లాయరూ దాని దగ్గరికే వెళతాడు. ఆర్.జి. ఆనంద్ అనే నాటక రచయిత 1953లో 'హమ్ హిందుస్తానీ' అని నాటకం రాశాడు. మరుసటేడు ఢిల్లీలో ఆడారు, పేరొచ్చింది. పక్కపక్క ఇళ్లలో ఉండే పంజాబీ కుటుంబం, మద్రాసు కుటుంబం, పిల్లలు ప్రేమించుకుంటారు, పెద్దలు "మీ ప్రాంతం వాళ్లా!" అంటారు. సినిమా వాళ్లు ఆ నాటకం గురించి ఆయన్నే అడిగి చెప్పించుకున్నారు. 1956లో 'న్యూ ఢిల్లీ' సినిమా వచ్చింది. అందులోనూ పంజాబీ అబ్బాయి, తమిళ అమ్మాయి, ప్రాంతాల పట్టింపు. ఆయన కోర్టుకెక్కాడు. కింది కోర్టులో ఓడాడు, హైకోర్టులో ఓడాడు, 1978లో సుప్రీంకోర్టులోనూ ఓడాడు. వస్తువు ఒకటే కావచ్చు గానీ సినిమాలో ఇల్లు అద్దెకివ్వడం దగ్గరి ప్రాంతీయ పట్టింపూ, కట్నం గొడవా ఉన్నాయి, నాటకంలో అవి లేవు, కథ నడక వేరు అని కోర్టు తేల్చింది. ఆలోచనకూ, ఇతివృత్తానికీ, చరిత్రకూ, పురాణగాథకూ కాపీరైట్ లేదని ఆ తీర్పు స్పష్టంగా చెప్పింది.

నాకు ఆ తీర్పు చదివినప్పుడల్లా ఆనంద్ గారి మీద జాలేస్తుంది. చట్టం పక్కన పెడితే, తన నాటకం విని వెళ్లిన వాళ్లు అదే వస్తువుతో సినిమా తీస్తే ఎవరికైనా కడుపు మండుతుంది. ఆ మంట నిజమే. దానికి కోర్టులో మందు లేదు.

మరి ఎంత కలిస్తే కాపీ అంటారు? ఇరవై శాతం మారిస్తే చాలంటున్నారు.

శాతాల లెక్క ఎవరు పుట్టించారో గానీ చట్టంలో ఎక్కడా లేదు. "ఏడు తేడాలుంటే ఫర్వాలేదు" అనే మాటా వింటుంటాను, అదీ అంతే. పైన చెప్పిన తీర్పులో కోర్టు పెట్టుకున్న కొలత చాలా మామూలుది: రెండూ చదివిన, లేదా చూసిన మామూలు మనిషికి "రెండోది మొదటిదాని నకలే" అని అనుమానం లేకుండా అనిపించాలి.

మా గదిలో మేం చేసే పని ఒకటి చెబుతాను. కాగితం మధ్యలో నిలువుగీత గీయండి. ఎడమ వైపు వాళ్ల కథలో జరిగినవి, కుడి వైపు మీ కథలో జరిగినవి, వరసగా రాయండి. "ఒంటరితనం", "పేదరికం" లాంటి మాటలు రాయొద్దు. ఎవరు ఏం చేశారు, ఏం అన్నారు, దానివల్ల ఏం జరిగింది, అంతే. తర్వాత కలిసినవాటిని పెన్సిలుతో కలపండి. ఒకటో రెండో గీతలు అడ్డదిడ్డంగా పడితే హాయిగా నిద్రపోండి. మొదలు నుంచి ఆఖరి దాకా నిచ్చెన మెట్లలా ఒకదాని కింద ఒకటి పడితే కూర్చుని ఆలోచించాల్సిందే.

ఇంకో సంగతి. ఏం కలిసిందన్నది కూడా చూడాలి. విజయవాడ కథలో ప్రకాశం బ్యారేజీ, బీసెంట్ రోడ్డు రద్దీ, కొండ మెట్ల మీద పసుపు కుంకుమలు పెట్టుకుంటూ ఎక్కే ఆడవాళ్లు ఎవరికైనా తోస్తాయి, ఎవరివీ కావు. ఎవరికీ తోచని వింత వివరం కలిసిందనుకోండి, ఉదాహరణకు వాళ్ల కథలోనూ మీ కథలోనూ మామగారు అల్లుడి చెప్పులు దాచి అలక తీర్చుకుంటాడు, అప్పుడు ఆ ఒక్కటే పది పోలికల పెట్టు.

పేర్లూ ఊరూ మార్చేస్తే సరిపోతుందా?

సరిపోదు. జర్మనీలో 1922లో 'నోస్ఫెరాటు' అనే మూకీ సినిమా తీశారు. బ్రామ్ స్టోకర్ నవల 'డ్రాక్యులా'ను అనుమతి లేకుండా వాడుకుని, డ్రాక్యులా ప్రభువు పేరు ఓర్లోక్ అని, ఇంగ్లండును జర్మనీ పట్నంగా మార్చారు. స్టోకర్ భార్య ఊరుకోలేదు, కోర్టుకు లాగింది. ప్రతులన్నీ నాశనం చేయమని 1925లో తీర్పొచ్చింది. కొన్ని ప్రతులు ఎలాగో మిగలబట్టి ఇవాళ మనం చూడగలుగుతున్నాం, అది వేరే సంగతి.

చట్టం అలా ఉంచండి. ఊరు మారిస్తే కథ మారాలి కదా. బొంబాయి కథను తెచ్చి కృష్ణలంకలో పెట్టానన్నాడు ఒకబ్బాయి. చదివితే ఎక్కడా నది లేదు. నీళ్లు పెరుగుతున్నాయంటే సామాను అటక మీదికెక్కించే అలవాటున్న వీధుల్లో మనుషులు పోట్లాడుకున్నా, పెళ్లి చేసుకున్నా నది ఎక్కడో ఒక చోట తగులుతుంది. తగల్లేదంటే ఆ కథ ఇంకా బొంబాయిలోనే ఉందన్నమాట.

ఎప్పుడో చదివి మర్చిపోయి, నా ఆలోచనే అనుకుంటున్నానేమో?

ఇది అన్నిటికంటే నిజాయితీ గల భయం. దీన్ని కొట్టిపారేయను.

చూపూ వినికిడీ లేని హెలెన్ కెల్లర్‌కు ఇది జరిగింది. పదకొండేళ్ల వయసులో, 1891లో, మంచురాజు మీద ఒక కథ రాసి, అంధుల బడి పెద్దాయనకు పుట్టినరోజు కానుకగా పంపింది. ఆయన మురిసిపోయి అచ్చు వేయించాడు. తీరా అది మార్గరెట్ కాన్‌బీ అనే ఆవిడ అంతకు ముందే రాసిన కథకు చాలా దగ్గరగా ఉందని తేలింది. ఆ కథ ఎప్పుడో చిన్నప్పుడు ఎవరో తన అరచేతిలో అక్షరాలు రాసి వినిపించి ఉంటారు. విన్నట్టే గుర్తు లేదు, కథ మాత్రం లోపల ఉండిపోయింది. పదకొండేళ్ల పిల్లను కూర్చోబెట్టి విచారణ చేశారు. ఆ తర్వాత తను ఏం రాసినా అది తనదేనా అనే భయం పీడిస్తూనే ఉందని ఆత్మకథలో రాసుకుంది. అది చదివిన మార్క్ ట్వైన్ 1903లో ఆమెకు ఉత్తరం రాస్తూ, మన ఆలోచనలన్నీ దాదాపు ఎక్కడో అక్కడ నుంచి వచ్చినవేనని ఓదార్చాడు.

మీకు ఈ అనుమానం ఉంటే మీ కథలో మరీ సాఫీగా, ఒక్క కొట్టివేత కూడా లేకుండా వచ్చేసిన చోటు వెతకండి. నా అనుభవంలో అరువు సరుకు అక్కడే ఉంటుంది. మనది కష్టపడి వస్తుంది, ఎదుటివాళ్లది గడగడా వచ్చేస్తుంది. ప్రతిసారీ ఇది నిజం కాదు గానీ, వెతకడం మొదలుపెట్టడానికి అదే చోటు.

ఇద్దరికి ఒకేసారి ఒకే ఆలోచన వస్తుందా? ఎవరూ నమ్మరేమో.

1951 మార్చి 12న అమెరికాలో 'డెనిస్ ద మెనేస్' అని అల్లరి పిల్లాడి కార్టూన్ మొదలైంది. అదే రోజు బ్రిటన్లో అదే పేరుతో ఇంకో అల్లరి పిల్లాడి కార్టూన్ బజార్లోకి వచ్చింది. ఒకాయన గురించి ఒకాయనకు తెలియదు. పేరు కలిసింది, అల్లరి కలిసింది, తేదీ కూడా కలిసింది. రెండూ దశాబ్దాలు నడిచాయి.

అంత దూరం ఎందుకు. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగింది. బ్యారేజీ దగ్గర వరద 11 లక్షల క్యూసెక్కులు దాటింది. ఆ ఏడాది చివరికి మా గదికి నాలుగు వరద కథలొచ్చాయి. మూడింట్లో మేడ మీద చిక్కుకున్న ముసలావిడ ఉంది, డ్రోన్ తెచ్చిన పొట్లం ఉంది. ఎవరూ ఎవరిదీ చూసి రాయలేదు. అందరూ ఒకే నీళ్లు చూశారు, ఒకే టీవీ చూశారు. నాలుగో కథ నీళ్లు తీశాక మొదలవుతుంది. మెకానిక్ షెడ్డు ముందు బురద పట్టిన బైకులు సందు చివరి దాకా వరసలో ఉన్నాయి, మెకానిక్ సామాన్లు కూడా మునిగిపోయాయి, అయినా వచ్చిన ప్రతివాడూ "ముందు నాది చూడన్నా" అంటాడు. ఆ రచయితకు ఎవరి వరద కథతోనూ పేచీ రాలేదు.

రామాయణమో, జానపద కథో తీసుకుని రాస్తే అది నా కథ అవుతుందా?

ఇది అడిగితే మన ఊళ్లో విశ్వనాథ సత్యనారాయణ గారి పేరు ఎత్తకుండా ఉండరు. విజయవాడలోనే ఏళ్ల తరబడి పాఠాలు చెప్పిన మనిషి. ఆయన 'రామాయణ కల్పవృక్షము'కు 1970 జ్ఞానపీఠ్ పురస్కారం వచ్చింది. మళ్లీ రామాయణం ఎందుకయ్యా అని ఎవరైనా అడుగుతారని ఆయనే ముందుగా ప్రశ్న వేసుకుని జవాబు చెప్పుకున్నాడు: లోకమంతా రోజూ తిన్న అన్నమే తింటోంది, ఎవరి రుచి వారిది, చేసిన సంసారమే చేస్తోంది, ఎవరి అనుభూతి వారిది. ఈ పద్యం మా గదిలో నెలకోసారైనా వినపడుతుంది, ఎక్కువగా కథ సరిగ్గా కుదరనివాళ్ల నోట. అన్నం అందరిదీ అన్న సగం గట్టిగా చదువుతారు. రుచి తనదై ఉండాలన్న సగం మింగేస్తారు.

నాకైతే జాషువా గారి దారి ఇంకా బాగా పనికొస్తుందనిపిస్తుంది. వినుకొండ మనిషి. కాళిదాసు యక్షుడు మేఘంతో భార్యకు సందేశం పంపాడు. జాషువా 1941లో తన 'గబ్బిలం' కావ్యానికి ఆ చట్రాన్నే తీసుకున్నాడు, ఎవరూ దాన్ని దాచలేదు. పంపేవాడు అంటరానివాడు. అందుకునేది కాశీలో ఉన్న శివుడు. మోసుకెళ్లేది గబ్బిలం, ఎందుకంటే అతన్ని రానివ్వని గుడిలోకి గబ్బిలాన్ని రానిస్తారు. మేఘం తీసేసి గబ్బిలాన్ని పెట్టడం అలంకారానికి చేసిన మార్పు అయితే ఎవరూ గుర్తుపెట్టుకునేవారు కాదు. ఆ ఒక్క మార్పుతో విరహం కాస్తా నిలదీతగా మారిపోయింది. పాత కథ తీసుకునేవాళ్లు తమను తాము అడగాల్సింది ఇదే: నేను ఒకటి మారిస్తే మిగతాదంతా కదిలిందా, లేక అలాగే ఉందా?

చట్టం సంగతి రెండు ముక్కల్లో. రచయిత పోయిన మరుసటి ఏడు నుంచి 60 ఏళ్ల దాకా హక్కులు వారసులవి. జాషువా గారు 1971లో పోయారు, ఆయన రాసిన పద్యాల మీద హక్కు 2031 చివరి దాకా ఉంటుంది. విశ్వనాథ వారు పోయింది 1976, కాబట్టి 2036 చివరి దాకా. వ్యాసుడివి, వాల్మీకివి అందరివీ. ఏడు చేపల కథ రాసిందెవరో ఎవరికీ తెలియదు, కావలసినట్టు రాసుకోండి. కానీ ఈ మధ్య ఒక రచయిత ద్రౌపదికి కొత్తగా కల్పించిన స్నేహితురాలినో, కొత్త సంభాషణనో తీసుకుంటే అది పురాణం ఖాతాలోకి రాదు, ఆ రచయిత ఖాతాలోకే వస్తుంది.

నాది వృద్ధాశ్రమం కథ. అందరూ రాసేదే కదా అంటున్నారు.

అందరూ రాసేదే. దాచేదేముంది? ప్రెస్సులో ఉన్నప్పుడు మేం వాటికి పేర్లు పెట్టుకున్నాం. అమెరికా కొడుకు కథ, అమ్మేసిన ఊరి ఇంటి కథ, నాన్న సైకిల్ కథ, ఆఖర్న ఉత్తరం దొరికే కథ. కంపోజింగ్ కుర్రాడు మొదటి పేరా కొట్టి "సార్, ఇందులో ఉత్తరం మూడో పేజీలో దొరుకుద్దా, నాలుగో పేజీలోనా?" అని పందెం కాసేవాడు. ఇలాంటి కథకు కాపీ గొడవ రాదు. ఒక కథను పోలితే కదా పేచీ, ఇది వంద కథలను పోలుతుంది. పాఠకుడు విసుగ్గా పేజీ తిప్పేస్తాడు. నా లెక్కన అది కోర్టు నోటీసు కంటే పెద్ద శిక్ష.

అయినా ఆ కథ రాయొద్దనను. గుంటూరు బ్రాడీపేట నుంచి ఒకమ్మాయి అచ్చం ఇలాంటి కథే తెచ్చింది. తండ్రి ఆశ్రమంలో ఉంటాడు, కొడుకు డల్లాస్‌లో ఉంటాడు, తండ్రి పోయాక కొడుకు వస్తాడు, దిండు కింద ఉత్తరం. నేను అడిగాను: "అమ్మా, ఆయన ఉద్యోగం ఏంటి?" ఆలోచించి "యార్డులో కమీషన్ కొట్లో గుమాస్తా అండీ" అంది. కథలో అదెక్కడా లేదు. "మరి ఆశ్రమంలో ఆయన చేతులు ఏం చేస్తుంటాయి?" అన్నాను. ఆ ప్రశ్నకు తను నవ్వింది, నెల తర్వాత మళ్లీ రాసి తెచ్చింది.

కొత్త కథలో ఉత్తరం లేదు. పెద్దాయన కూర నోట్లో పెట్టుకుని వంటామెతో "ఈ కారం పొట్లంది, రంగు కలిపారు" అని తగువు పెట్టుకుంటాడు. ఎండుమిరపకాయలు తెప్పించే దాకా వదలడు. కాయ తుంచి గింజ చూసి, వాసన చూసి, ఏ పొలందో చెప్పినట్టు చెబుతాడు. తొడిమలు తీయడానికి వరండాలో చాప వేసుకుని కూర్చుంటాడు. రెండో రోజుకు పక్క గది మాస్టారు వచ్చి కూర్చుంటాడు, వారానికి ఎనిమిది మంది. కొడుకు వీడియో కాల్ చేస్తే అందరూ తుమ్ముతూ కనిపిస్తారు. "నాన్నా, అక్కడ ఏమైంది?" అంటాడు కొడుకు. "ఏం కాలేదురా, కాయ మంచిది" అంటాడు తండ్రి. కథ అక్కడ ఆగిపోతుంది. వృద్ధాశ్రమం అదే, అమెరికా కొడుకు అతనే. కానీ కంపోజింగ్ కుర్రాడు ఈ కథ మీద పందెం ఓడిపోయేవాడు.

"ఇది ఏ కథకూ అనుకరణ గానీ అనువాదం గానీ కాదు" అని పత్రికకు హామీ పత్రం రాయాలంటే చెయ్యి వణుకుతోంది.

నాకొచ్చే ఫోన్లలో సగం ఈ వాక్యం దగ్గరే పుడతాయి. వస్తువు కలవడం అనుకరణ కాదు. ఒక కథ చదివి, దాని పాత్రలు, సంఘటనలు, ముగింపు తెలిసి తెలిసి మీ మాటల్లో తిరగరాస్తే అది అనుకరణ. మీరు ఆ పని చేయలేదని మీకు తెలిస్తే నిశ్చింతగా సంతకం పెట్టండి.

ఏదైనా నిజంగా తీసుకుని ఉంటే దాచొద్దు. పాతకాలం రచయితలు కథ కింద "ఒక బెంగాలీ కథ ఆధారంగా" అని ఒక ముక్క పడేసేవారు, ఎవరి పరువూ పోలేదు. ఆధారం బతికున్న రచయితదో, పోయి 60 ఏళ్లు నిండని రచయితదో అయితే మాత్రం ఆ ముక్క చాలదు, అనుమతి కావాలి.

హామీ పత్రంలో "వేరే పత్రిక పరిశీలనలో లేదు" అని ఇంకో వాక్యం ఉంటుంది. నిజం చెప్పాలంటే మనవాళ్లు అబద్ధాలాడేది అక్కడ.

సరే, నా కథనే ఎవరైనా కొట్టేస్తే? చెప్పాలంటేనే భయం.

కాపీ కొట్టానేమో అనే భయం, కొట్టేస్తారేమో అనే భయం ఒకే మనిషికి ఒకే వారంలో వస్తాయి. అది మాత్రం గమనించాను.

రాసిన క్షణం నుంచే కాపీరైట్ మీది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. కావాలంటే ఢిల్లీలోని కాపీరైట్ కార్యాలయానికి ఆన్‌లైన్లోనే దరఖాస్తు చేయొచ్చు. సాహిత్య రచనకు రుసుము 500 రూపాయలు. అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగి, ఆ తర్వాత పరిశీలిస్తారు. రేపు పేచీ వస్తే ఆ పత్రం మొదటి సాక్ష్యంగా నిలుస్తుంది. సినిమా కథలకైతే హైదరాబాద్‌లో రచయితల సంఘం దగ్గర నమోదు చేసుకునే పద్ధతి ఉంది. తనకు తానే రిజిస్టర్డ్ పోస్టు పంపుకుని కవరు విప్పకుండా దాచడం మా తరం వాళ్ల అలవాటు. చట్టం దానికి ప్రత్యేకంగా ఇచ్చే విలువేమీ లేదు. మెయిల్లో పంపిన తేదీ, చేతిరాత ప్రతులు, కొట్టివేతలతో సహా ఉంచుకోండి. కొట్టివేతలు చాలా పనికొస్తాయి. దొంగ దగ్గర అవి ఉండవు.

శీర్షిక కలిస్తే?

శీర్షికకు కాపీరైట్ లేదని 2015లో సుప్రీంకోర్టు చెప్పింది. 'అమ్మ' అనే పేరుతో ఎన్ని కథలున్నాయో లెక్కపెట్టే ధైర్యం నాకు లేదు. పేరున్న పుస్తకం శీర్షికే పెట్టుకుంటే మాత్రం పాఠకుడు దాన్నే వెతుక్కుంటాడు, మీదాన్ని కాదు.

ముందే వచ్చిందో లేదో ఎక్కడ వెతకాలి?

శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు గారు 1997లో పెట్టిన కథానిలయం ఉంది, దాని వెబ్‌సైట్లో శీర్షికతోనో రచయిత పేరుతోనో వెతకొచ్చు. పాత పత్రికలు తిరగేయాలంటే వేటపాలెం సారస్వత నికేతనం, గుంటూరు నుంచి రైల్లో పొద్దున్నే వెళ్లి సాయంత్రానికి రావచ్చు. ఒక రోజు వెతకండి. రెండో రోజు కూడా వెతుకుతున్నారంటే రాయడం తప్పించుకుంటున్నారు.

ఏఐని అడిగితే ఇలాంటి కథ ఇప్పటికే ఉందని చెప్పింది.

ఒకాయన ఫోన్ పట్టుకుని వచ్చాడు. కథ పేరు, రచయిత, పత్రిక, ఏడాది, అన్నీ ఉన్నాయి. రెండు వారాలు వెతికాం. అలాంటి కథ ఎక్కడా లేదు, ఆ పేరుతో రచయితే దొరకలేదు. అడిగినదానికి కాదనలేక కల్పించినట్టుంది. కథ కాగితం మీదో, తెర మీదో కళ్లతో చూసే దాకా ఉన్నట్టు లెక్క వేయొద్దు.

"అచ్చం ఫలానా ఆయన రాసినట్టే ఉంది" అన్నారు. మెచ్చుకోవడమా, తిట్టా?

మొదటి రెండేళ్లూ మెచ్చుకోవడమే. ఇష్టమైన రచయిత గొంతు మనలో దూరడం సహజం, ఆ వాక్యాల పొడుగూ, ఆ విరుపూ వచ్చేస్తాయి. శైలిని పోలడం నేరమూ కాదు. ఐదో ఏడు కూడా అదే అంటుంటే ఇంట్లో గట్టిగా చదివి చూసుకోండి. మీ అమ్మ, మీ వీధి కూరగాయలామె, మీ ఆటో డ్రైవరు మాట్లాడే తీరు ఎక్కడైనా వినపడుతోందా? నా ఎరుకలో ఇది కాపీ భయం కంటే మెల్లగా, కష్టంగా వదిలే జబ్బు.

మా కథ తెచ్చి చూపించొచ్చా?

తప్పకుండా. రెండో ఆదివారం, సాయంత్రం నాలుగింటికి. దేనితో పోలిక ఉందని భయపడుతున్నారో ఆ కథ కూడా వెంట తెండి, చెప్పుకోవడం కాదు, కాగితం కావాలి. ఇద్దరం చెరో పెన్సిలు పట్టుకుని నిలువుగీత గీద్దాం. మేడకు లిఫ్ట్ లేదు. మెట్లు నిటారుగా ఉంటాయి, ఎడమ పక్క గోడ పట్టుకుని ఎక్కండి.